మీకు తెలుసా?

ఏటా ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలాది మంది భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం చేరుకుంటారు, అదీ గుంపులు గుంపులుగా!

అక్కడి అమ్మవారు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావిస్తారు కాబట్టి ఎంత దూరమైనా వారికి లెక్కలేదు. ఆత్మకూరు, వెంకటాపురం దాటి నల్లమలలో అడుగుపెట్టాక నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కాలిబాట. కాళ్లకు కర్రలు కట్టుకుని వచ్చేవారూ ఉంటారు. మామూలు చెప్పులతోనే మనకు ఆయాసం!

వారిది భక్తి. ఆరోగ్యం కోసం నడిచేవారికీ తోడు మేలే చేస్తుంది. బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 42 అధ్యయనాల్లోని 1,843 మంది వివరాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. బృందంగా నడిచినవారిలో రక్తపోటు, ఒంట్లో కొవ్వు, బీఎంఐ తగ్గాయి. ఎక్కువమంది మధ్యలో మానేయలేదు కూడా. అయితే తగ్గుదల కొద్దిపాటిదే. తిండి అదుపులో లేకపోతే నడక ఒక్కటే బరువును పెద్దగా దించదు.

మీరూ నడవాలనుకుంటే, మన కర్నూలు, కడప ఎండలు తెలిసినవే. వేసవిలో పొద్దు పొడవకముందే బయల్దేరండి, వెంట నీళ్లసీసా ఉంచుకోండి, పక్కింటివారినీ లేపండి.