చెఱసాల కొలువులో పొరపొచ్చెములు

చెఱసాల యనగానే మనకు ఖైదీలు స్మరణకు వత్తురు గాని వారిని కాచియుండువారు స్మరణకు రారు. ఖైదీకి విడుదల దినమొకటి కలదు. వార్డరులకును, మేట్రనులకును, జైలరులకును ఉద్యోగవిరమణ పర్యంత మా యినుప ద్వారము గుండనే రాకపోకలు. ఒకే గోడల నడుమ, ఒకే తాళపుచెవుల గుత్తిని చేతులు మార్చుకొనుచు పనిచేయు వీరిలో వీరికి పొరపొచ్చెములు పుట్టుట వింత గాదు. అవి యెట్లు పుట్టును? వాని నెట్లు తీర్చుకొనవలెను? ఈ కొలువున స్త్రీలును గలరు గనుక నీ విషయమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

కలహము పుట్టినంతనే “ఆమె గయ్యాళి”, “ఆయన మూర్ఖుడు” అని మనుష్యుల గుణమును నిందించుట లోకమున వాడుక. చెఱసాలలోని యనేక కలహములకు మూలము గుణము గాదు, పనియే. ఖైదీలు తప్పించుకొని పోకుండ కాచుట యొక విధి. వారిని దిద్ది మంచి మార్గమున పెట్టుట యింకొక విధి. కుట్టుపని నేర్పు నుపాధ్యాయిని “ఇంకొక పది నిమిషములు కూర్చుండనిండు, రవికె పూర్తియగును” అనును. సాయంకాలము ఖైదీలను లెక్కించి గదులకు తాళము వేయవలసిన వార్డరు “లెక్క తప్పిన నా కొలువు పోవును” అనును. ఇరువురి మాటయు న్యాయమే.

రెండవ మూలము వంతులు. సిబ్బంది చాలనిచోట నొకరు రాకున్న మఱియొకరు రెండవ వంతును మోయవలెను. పండుగనాటి సెలవు ఎప్పుడును ఒకరికే దొరకి, రాత్రి కాపలా ఎప్పుడును మఱియొకరికే పడినచో మనసు విరుగును. మూడవది నివాసములు. చెఱసాల ప్రక్కనే క్వార్టర్సున్నచోట పగటి తోడి యుద్యోగియే రాత్రి పొరుగింటివాడు. కుళాయికడ నాడువారికి జరిగిన మాట మఱునాటి యుదయమునకు ద్వారముకడ మగవారి పగయగును. ద్వారముకడి మాట సాయంకాలమునకు కుళాయికడకు వచ్చును.

ఇతర కార్యాలయములలో నిట్టి పగవలన కాగితములు నిలిచిపోవును. ఇచ్చట ప్రాణములే చిక్కున పడును. పగటి వార్డరు రాత్రి వార్డరుతో మాటలాడుట మానెననుకొందము. ఉదయమునుండి యన్నము ముట్టక గోడవైపు తిరిగి కూర్చున్న ఖైదీ సంగతి చెప్పువారెవరు? పిల్లల మాటయు నున్నది. ఆఱేండ్లు నిండువఱకు బిడ్డలు ఖైదులోనున్న తల్లికడ నుండవచ్చునని, వారికి శిశుసంరక్షణశాల మున్నగు వసతులు కల్పింపవలెనని, ఆర్. డి. ఉపాధ్యాయ్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముపై తెచ్చిన వ్యాజ్యెమున 2006లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ పసివారికి లోకమనగా నా ముంగిలియే. మేట్రనులు తమలో తాము వేసికొను కేకలు వారికి తొలిపాఠము గారాదు.

ఇట్టి భేదములు వచ్చునని చట్టకర్తలు పూర్వమే యెఱిగిరి. 1894 నాటి ప్రిజన్స్ చట్టమున 14వ విభాగమును చూడుడు. శిక్షాక్రమమువలన నొక ఖైదీ మనస్సు చెడుచున్నదని వైద్యాధికారి నమ్మినచో సూపరింటెండెంటునకు వ్రాతమూలకముగ తెలుపవలెను; ఆ వ్రాతయు, దానిపై సూపరింటెండెంటు ఆజ్ఞయు వెంటనే ఇన్‌స్పెక్టరు జనరలునకు పోవలెను. ఇందు కేకలు లేవు, చాడీలు లేవు. భేదము కాగితముపైకి వచ్చినది. తీర్పరి యెవరో తెలిసినది. ఆ తీర్పును చూచువారు పైన నొకరు గలరు.

ఈ పద్ధతినే నిత్యవ్యవహారమునకును పట్టింపవచ్చును. వంతు మాఱునప్పుడు జరిగిన సంగతులను పుస్తకమున వ్రాసి, నోటను చెప్పి, ఇరువురును చేవ్రాలు చేయవలెను. అప్పుడు మాటలు లేనివారి నడుమను సంగతి యాగదు. రాత్రి వంతులును సెలవులును అందఱకు కనబడునట్లు గోడపై నంటింపవలెను. తోడివారిని ఖైదీల యెదుట నాక్షేపింపరాదు. పై యధికారి యిరువురి మాటను వేఱువేఱుగ విని, పిదప నొకచోట కూర్చుండబెట్టి “ఏమి జరిగినది?” అని యడుగవలెను గాని “తప్పెవరిది?” అని మొదలిడరాదు.

ఒక్క హెచ్చరిక. స్త్రీని లైంగికముగ వేధించుట పొరపొచ్చెము గాదు. “సర్దుకొనుము” అని నచ్చచెప్పదగినది గాదు. 2013 నాటి చట్టము ప్రకారము పదిమంది గాని, అంతకు మించి గాని పనిచేయుచోట నంతర్గత సంఘ ముండితీరవలెను. దాని కధ్యక్షురాలు స్త్రీ. సభ్యులలో సగమునకు తక్కువగాక స్త్రీలుండవలెను. ఫిర్యాదును సామాన్యముగ మూడు మాసములలోపల నీయవలెను; విచారణ 90 దినములలో ముగియవలెను. ఈ సంగతి ప్రతి మేట్రనునకును తెలిసియుండవలెను.

తుదకు క్వార్టర్సులోని యిల్లాండ్రకును ఒక మనవి. కొలువునుండి వచ్చిన భర్త యైనను, కోడలైనను ముభావముగ నున్నచో వెంటనే కారణ మడుగకుడు. అన్నము పెట్టి పిమ్మట వినుడు. విన్న మాటను ప్రక్కయింటి గడప దాటింపకుడు. గోడల వెనుకనున్నవారి నెమ్మది గోడల వెలుపలనున్న మీ నెమ్మదిపై గొంత యాధారపడియున్నది.