చిగుళ్ల వ్యాధియు, మూలకణముల చికిత్సయు

పంటి చుట్టునున్న చిగురు, పంటి వేరును దవడయెముకకు బంధించు సన్నని పోగుల పొర, ఆ పొరకు ఆధారమైన యెముక, ఇవి కలిసి పంటిని నిలుపుచున్నవి. పండ్లపై పేరుకొను పాచిలోని సూక్ష్మక్రిములవలన మొదట చిగురు వాచి, తోముకొనునపుడు నెత్తురు కారును. నొప్పి యంతగా ఉండదు గనుక పెక్కుమంది దీనిని లక్ష్యపెట్టరు. ఏండ్లు గడచిన కొలది పోగులు తెగి, యెముక కరగి, పన్ను కదలనారంభించును. వాచిన చిగురు శుభ్రపరచినచో బాగుపడును. కరగిన యెముక మాత్రము తనంతట తాను మరల పెరుగదు.

రాయపూరు ప్రాంతమున పొగాకును బెల్లపు మడ్డితో కలిపి నూరిన గుడాఖు అను ముద్దతో పండ్లు తోముకొను అలవాటు కలదు. అక్కడి తెలుగువారికిని ఇది తెలియని వస్తువు కాదు. పండ్లు శుభ్రమగుననియే దీనిని వాడుదురు. కాని పొగాకు చిగుళ్ల వ్యాధిని ముదురజేయును, మానవలసిన గాయమును మాననీయదు.

పోయిన యెముకను, పోగులను తిరిగి పెంచుట సాధ్యమా? వివిధ కణములుగా మారగల కణములకు మూలకణములని పేరు. 2004లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు, ఊడదీసిన జ్ఞానదంతముల వేళ్లనంటియున్న పోగుల పొరలో ఇట్టి కణములున్నవని కనుగొనిరి. వానిని పెంచి ఎలుకలలో నిలుపగా, పంటి వేరును కప్పు గట్టి పొరను, పోగులను పోలిన కణజాలము ఏర్పడెను.

మనుష్యులయందు ఫలితము అంత స్పష్టముగా లేదు. చైనాలోని షియాన్ నగరమున 30 మంది రోగులపై జరిపిన పరీక్ష 2016లో ప్రకటితమైనది. రోగి స్వంత కణములను ఎముక పొడితో కలిపి పెట్టగా హాని కలుగలేదు, యెముకయు పెరిగినది. అయితే కణములు లేక పొడి మాత్రమే పెట్టినవారికిని ఇంచుమించు అంతే పెరిగినది. 2018లో ప్రకటితమైన జపాను పరీక్షలో, పలుచని పొరలుగా పెంచిన కణములను 10 మందికి అమర్చగా ఫలితము ఆశాజనకముగా నుండెను. కాని పోల్చి చూచుటకు వేరొక వర్గము లేదు.

కావున ఈ చికిత్స నేటికిని పరిశోధనలోనిదే. భారత వైద్య పరిశోధనా మండలి మొదలగువారు 2017లో వెలువరించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, ఆమోదము పొందిన పరీక్షలకు వెలుపల దీనిని చేయరాదు. పిల్లల పాలపండ్ల కణములను భద్రపరతుమని సొమ్ము వసూలు చేయుటకును వానియందు అనుమతి లేదు. బొడ్డుత్రాటి రక్తమును మాత్రమే అట్లు నిలువచేయవచ్చును.

చిగురునుండి నెత్తురు కారుచున్నవారు రాయపూరు ప్రభుత్వ దంత వైద్య కళాశాలకుగాని, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకుగాని పోయి, ముందుగా పాచిని, గారను తీయించుకొనవలెను. మధుమేహమున్నవారు ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. ఎవరైనను మూలకణముల చికిత్స చేయుదుమని పిలిచినచో, ఆ పరీక్ష భారత చికిత్సా పరీక్షల పట్టికలో నమోదైన సంఖ్యను చూపుమని అడుగవలెను.