కరెంటొచ్చినా రౌటర్ ఆన్ కావట్లేదా? కొత్తది కొనేముందు అడాప్టర్ చూడండి

కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలిగాయి. వైఫై రౌటర్ మాత్రం ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. నాలుగైదుసార్లు స్విచ్ వేసి తీస్తే ఎప్పటికో ఆన్ అయింది. సెట్‌టాప్ బాక్సులు, సీసీ కెమెరా రికార్డర్లు కూడా ఒక్కోసారి ఇలాగే మొరాయిస్తాయి. బాక్సు పాడైందనుకుని కొత్తది కొనేస్తుంటారు. నిజానికి ముందుగా అనుమానించాల్సింది అడాప్టర్‌ను.

ఎందుకిలా?

ఇంటికొచ్చే 230 వోల్టుల ఏసీని అడాప్టర్ 12, 9 లేదా 5 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ వోల్టేజీని నిలకడగా ఉంచేవి అందులోని కెపాసిటర్లు. వాటిలోని ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్ల లెక్క. గాలి ఆడని చోట, టీవీ వెనక ఇరికించిన అడాప్టర్లు త్వరగా పాడయ్యేది అందుకే.

రౌటర్ కూడా చిన్నపాటి కంప్యూటరే. ఆన్ అయ్యే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. బలహీనపడిన అడాప్టర్ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది. దాంతో ప్రాసెసర్ రీసెట్ అయి మళ్లీ మొదటికొస్తుంది. ఆ క్షణం గట్టెక్కితే రోజంతా పనిచేయొచ్చు కూడా.

ఇంట్లోనే ఇలా పరీక్షించండి

1. స్విచ్ తీశాక కనీసం 30 సెకన్లు ఆగి వేయండి. వెంటవెంటనే వేస్తే లోపల మిగిలిన చార్జి వల్ల ప్రాసెసర్ సరిగా రీసెట్ కాకపోవచ్చు.

2. వేరే ప్లగ్ పాయింటులో పెట్టి చూడండి. రౌటర్ వెనక పిన్ను కాస్త కదిపితే లైట్లు ఆరుతుంటే అక్కడ వదులైనట్టే.

3. ఎప్పుడు మొరాయిస్తోందో గమనించండి. చాలాసేపు ఆపి ఉంచాక, చలిగా ఉన్న పొద్దునపూట మాత్రమే ఇబ్బంది పెట్టి, వేడెక్కాక మామూలైపోతే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు.

4. మరో అడాప్టర్‌తో చూడండి. వోల్టులు, పిన్ సైజు, లేబుల్ మీది ప్లస్-మైనస్ గుర్తు పాతదానిలాగే ఉండాలి. ఆంపియర్లు సమానంగా లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే అది కాలిపోవచ్చు.

మల్టీమీటర్ 12 వోల్టులు చూపించిందని అడాప్టర్ బాగుందనుకోవద్దు. లోడ్ పడ్డప్పుడే దాని అసలు సత్తా తెలుస్తుంది. అడాప్టర్ మార్చినా ఆన్ కాకపోతే లోపం బాక్సులోనే ఉండొచ్చు.

విప్పొద్దు

ప్లగ్ తీసేశాక కూడా అడాప్టర్ లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిల్వ ఉండొచ్చు. షాక్ ప్రమాదం ఉంది.

ఎవరికి చెప్పాలి?

కనెక్షన్‌తో పాటు ఇచ్చిన బాక్సయితే ముందు ఆపరేటర్‌కు ఫిర్యాదు చేయండి. అడాప్టర్ మార్చి చూడమని అడగండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు. లైట్లు మసకబారడం, మోటార్ ఎక్కకపోవడం వంటివి పక్కిళ్లలోనూ ఉంటే అది లోవోల్టేజీ సమస్య. అప్పుడు విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.