ఒడ్డు నుంచి షార్క్ ఫిషింగ్: అది బ్లాక్‌టిప్పా, స్పిన్నరా, శాండ్‌బారా?

ఫ్లోరిడాలో ఉంటున్న మనవాళ్లు ఈమధ్య బీచ్‌లో పట్టిన షార్క్ ఫోటోలు పంపి ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఇది బ్లాక్‌టిప్పే కదా? ఇంటికి తీసుకెళ్లొచ్చా?" ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న మీదే.

మన ఊళ్లలో సొర అంటే సొరే. పులుసుకో పిట్టుకో పనికొస్తే చాలు, ఏ జాతి అని పెద్దగా ఎవరూ అడగరు. ఫ్లోరిడాలో అలా కుదరదండీ. ఒకే బీచ్‌లో, ఒకే ఎరకి, ఒకే సైజులో పడే రెండు షార్క్‌లలో ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చు, రెండోదాన్ని ఒక్క నిమిషం ఎక్కువసేపు పట్టుకున్నా నేరమే. కాబట్టి గాలం వేయడం కంటే ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

ముందు బ్లాక్‌టిప్, స్పిన్నర్. ఈ రెండూ దాదాపు కవలలే. రెండూ బూడిద రంగు, రెండిటికీ రెక్కల చివర్లు నలుపు, పక్కన తెల్లటి చార. చలికాలంలో, అంటే జనవరి నుంచి మార్చి దాకా, పామ్ బీచ్ వైపు ఒడ్డుకి దగ్గరగా బ్లాక్‌టిప్‌లు వేల సంఖ్యలో వస్తాయి. ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీలో స్టీఫెన్ కజియూరా గారి బృందం విమానంలోంచి వీడియో తీసి మరీ వీటిని లెక్కపెడుతుంది. నీళ్లలోంచి పైకెగిరి గిర్రున తిరుగుతుంటే "అదిగో స్పిన్నర్" అంటారు చాలామంది. పేరు చూసి అనుకోవడమే అది. బ్లాక్‌టిప్ కూడా అచ్చం అలాగే ఎగిరి తిరుగుతుంది. ఎగరడాన్ని బట్టి మాత్రం తేల్చకండి.

మరి దేన్ని బట్టి తేల్చాలి? కింద చూడాలి. పొట్ట కింద, తోకకి కాస్త ముందు ఒక చిన్న రెక్క ఉంటుంది. దాన్ని అడుగు రెక్క అందాం. స్పిన్నర్‌కి ఆ రెక్క చివర నల్లగా ఉంటుంది. బ్లాక్‌టిప్‌కి అది తెల్లగా, మచ్చ లేకుండా ఉంటుంది. నల్ల చివర్లని పేరు పెట్టుకున్న దానికే ఈ ఒక్క చోట నలుపు ఉండదు, చూడండి తమాషా!

ఇక్కడో చిక్కుంది. పిల్ల స్పిన్నర్‌లకి ఆ నలుపు ఇంకా వచ్చి ఉండదు. అప్పుడు వీపు మీది పెద్ద రెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి. బ్లాక్‌టిప్‌కి పక్క రెక్కలు ఒంటికి అతుక్కున్న చోటుకి కొంచెం వెనకాలే వీపు రెక్క లేస్తుంది. స్పిన్నర్‌కి ఇంకా వెనక్కి, పక్క రెక్కల వెనక అంచు కూడా దాటాక లేస్తుంది. ముట్టె కూడా స్పిన్నర్‌కే పొడుగు, కోసుగా ఉంటుంది. కానీ పక్కన రెండోది లేకుండా ముట్టె పొడుగు చెప్పడం కష్టం. నేనైతే రెక్కనే నమ్ముతాను.

ఇదంతా ఎందుకంటారా? ఫ్లోరిడాలో బ్లాక్‌టిప్‌కి కనీస సైజు లేదు. స్పిన్నర్‌కి 54 అంగుళాలు ఉండాలి. అది కూడా ముట్టె చివర నుంచి తోక చీలిన చోటు దాకా, తోక కొస దాకా కాదు. అంటే నాలుగడుగుల పిల్ల స్పిన్నర్‌ని బ్లాక్‌టిప్ అనుకుని కూలర్‌లో పెట్టారంటే రూల్ తప్పినట్టే. మనిషికి రోజుకి ఒక్క షార్కే అన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం శాండ్‌బార్‌తో. ఒడ్డు నుంచి పట్టేవాళ్లు దీన్ని ఎక్కువగా బుల్ షార్క్ అనుకుంటారు. రెండూ బలిష్టంగా ఉంటాయి, రెండిటి ముట్టె మొద్దుగానే ఉంటుంది. బుల్ షార్క్‌ని 54 అంగుళాలు దాటితే ఉంచుకోవచ్చు. శాండ్‌బార్‌ని అసలు ఉంచుకోకూడదు, అది పూర్తిగా నిషేధం. శాండ్‌బార్ వీపు రెక్క ఒంటితో పోలిస్తే మరీ ఎత్తు, తెరచాపలా నిలబడి ఉంటుంది, పక్క రెక్కలు ఒంటికి అతుక్కున్న చోటే పైకి లేస్తుంది. బుల్‌కి కళ్లు చిన్నవి, తల వెడల్పు.

వీటన్నిటికంటే తేలిక గుర్తు ఇంకొకటుంది. వీపు మీద పెద్ద రెక్కకీ, దాని వెనక ఉన్న చిన్న రెక్కకీ మధ్య చర్మం మీద సన్నటి గట్టు ఉందా అని చూడండి, లేదా తడిచేత్తో వేలు రాసి చూడండి. శాండ్‌బార్‌కి ఉంటుంది. డస్కీకి, సిల్కీకి, టైగర్‌కి ఉంటుంది. ఇవన్నీ ఫ్లోరిడాలో నిషేధమే. బ్లాక్‌టిప్, స్పిన్నర్, బుల్, వీటికి గట్టు ఉండదు. స్మూత్ డాగ్‌ఫిష్ అనే చిన్న జాతికి గట్టు ఉన్నా ఉంచుకోవచ్చు గానీ, దాన్ని పక్కన పెట్టేయండి. వేలికి గట్టు తగిలితే వదిలేయాలి, అంతే. డస్కీ లాంటిది పిల్లలు పెట్టే వయసుకి రావడానికే సుమారు 20 ఏళ్లు పడుతుంది. ఒకటి పోతే ఆ లోటు అంత తొందరగా పూడదు.

గట్టు లేనివన్నీ ఉంచుకోవచ్చని మాత్రం అనుకోకండి. లెమన్ షార్క్‌కి గట్టు ఉండదు, అయినా నిషేధమే. వీపు మీద రెండు రెక్కలూ దాదాపు ఒకే సైజులో ఉంటే అది లెమన్. సుత్తి తల ఉన్నవాటిలో గ్రేట్, స్కాలప్డ్, స్మూత్ మూడూ 2012 నుంచి నిషేధం. తల గరిటెలా గుండ్రంగా ఉండే చిన్న బానెట్‌హెడ్‌ని మాత్రం ఉంచుకోవచ్చు. తల ముందు అంచు సరిగ్గా మధ్యలో నొక్కు కనబడితే అది బానెట్‌హెడ్ కాదు, వెంటనే వదలండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గుర్తులన్నీ చూడాల్సింది ఇసుక మీద కాదు, నీళ్లలోనే. ఎందుకంటే షార్క్‌కి మనలా ఎముకల గూడు లేదు. ఒడ్డుకి లాగితే దాని బరువే దాని లోపలి అవయవాలని నొక్కేస్తుంది. పైగా బ్లాక్‌టిప్, హ్యామర్‌హెడ్ లాంటివి ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్లు వెళ్లేది. ఆగితే ఊపిరాడదు. గ్రేట్ హ్యామర్‌హెడ్ అయితే మరీ సున్నితం, గాలంతో ఎక్కువసేపు పెనుగులాడిన అలసటకే వదిలాక కూడా చనిపోవచ్చు. చూడ్డానికి ఈదుకుంటూ వెళ్లిపోయినట్టే ఉంటుంది, మనం చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేస్తాం. అందుకే సన్నటి లైన్‌తో గంటసేపు ఆడించడం నాకు నచ్చదు. బలమైన రాడ్, రీల్ వాడి తొందరగా దగ్గరికి తెచ్చుకోండి. మోకాలి లోతులో మొప్పలు మునిగే ఉండాలి, అడుగు రెక్క, వీపు గట్టు చూడాలి, నిర్ణయం అక్కడే అయిపోవాలి. ఫ్లోరిడా చట్టం కూడా నిషేధ జాతుల్ని నీళ్లలోంచి తీయొద్దనే అంటుంది. ఫోటో కోసం ఆలస్యం చేయడం కూడా కుదరదు.

చిన్నదే కదా అని తోక పట్టుకుని ఎత్తకండి. ఒళ్లు మెలితిప్పి చేతిని కొరికేయగలదు.

రూల్స్ గురించి త్వరగా చెప్పేస్తాను. 2019 జులై 1 నుంచి ఒడ్డు నుంచి షార్క్ పట్టాలంటే ప్రత్యేక పర్మిట్ కావాలి. ఉచితమే, కానీ 16 ఏళ్లు దాటినవాళ్లు ఆన్‌లైన్ కోర్స్ పూర్తి చేయాలి, ఏటా తీసుకోవాలి. ఫ్లోరిడా వాసులకి 65 దాటితే మామూలు లైసెన్స్ అక్కర్లేకపోయినా ఈ పర్మిట్ మాత్రం కావాలి. ఎర కట్టే హుక్ స్టెయిన్‌లెస్ కాని, పక్కకి వంగని సర్కిల్ హుక్ అయి ఉండాలి. అది దవడ మూలకి తగులుకుంటుంది, పొట్టలోకి పోదు. కట్టర్ మీ దగ్గర ఉండి తీరాలి. హుక్ రాకపోతే లీడర్‌ని వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలేయడానికి అది. బీచ్ మీద నుంచి చేప ముక్కలు, రక్తం నీళ్లలో చల్లి షార్క్‌లని రప్పించడం నిషేధం. ఉంచుకున్న షార్క్‌ని రెక్కలు కోయకుండా మొత్తంగానే తేవాలి.

ఇవన్నీ ఫ్లోరిడా లెక్కలు. టెక్సస్‌లోనో కరోలినాల్లోనో ఉన్నవాళ్లు మీ రాష్ట్రం సైట్ చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి కూడా. ఫోటోలు పంపేవాళ్లకి ఒక మాట: పక్క నుంచి తీసిన ఫోటోతో నేనేం చెప్పలేను, అడుగు రెక్క కనబడాలి. అయినా ఫోటో నా దగ్గరికి వచ్చేసరికే ఆ షార్క్ నీళ్లలో ఉండాలి మరి. వచ్చే ఎపిసోడ్‌లో లీడర్ ఎలా కట్టుకోవాలో చూద్దాం.