పందెం కోట్లలో, నష్టం కూలి డబ్బుల్లో: జూదం వార్తలపై అపోహలు – వాస్తవాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో వారపు సంత అంటే ఉప్పు, చింతపండు, ఇప్పపువ్వు, జీలుగు కల్లు మాత్రమే కాదు. పొద్దు వాలుతుండగా ముర్గా లడాయి కూడా. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడే ఊళ్లలో దాన్ని కోడిపందెమనే అంటారు. మేళాల్లో పాచికలతో ఆడించే ఖుడ్‌ఖుడియా చూస్తే గోదావరి జిల్లాల వాళ్లకు గుండాట గుర్తొస్తుంది. పేకముక్కలతో కూర్చునే చోటును అక్కడ జువా ఫడ్ అంటారు. ఈ పాత ఆటల పక్కకు ఇప్పుడు ఫోన్ బెట్టింగ్ వచ్చి చేరింది. దేశమంతా మారుమోగిన మహాదేవ్ బుక్ బెట్టింగ్ యాప్ కేసుకు మూలాలున్నది ఇదే రాష్ట్రంలోని భిలాయిలో.

వీటి గురించి హిందీలోనూ తెలుగులోనూ వార్తలకు కొదవ లేదు. వాటిలో అంకెలకూ కొదవ లేదు. అయితే ఆ అంకెల్లో ఎక్కువ భాగం జూదంలో తిరిగిన డబ్బును చెబుతాయి, పోయిన డబ్బును చెప్పవు. ఈ తేడా పట్టించుకోనంత కాలం ఏ ఇల్లు గుల్లవుతోందో, ఆ సొమ్ము ఎవరి చేతికి చేరుతోందో మనకు తెలియదు. అందుకే తరచూ కనిపించే కొన్ని అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: కోట్లు చేతులు మారాయంటే జనం అన్ని కోట్లు పోగొట్టుకున్నట్టే.

వాస్తవం: ఒక చిన్న లెక్క వేద్దాం. ఇరవై మంది తలా వెయ్యి రూపాయలతో బరి దగ్గరికి వచ్చారనుకోండి. ప్రతి పందేనికీ ఒక్కొక్కరు వంద కాశారు, పది మంది ఒక పుంజు మీద, పది మంది రెండో దాని మీద. ఇరవై పందేలు జరిగాయి. కాసిన మొత్తం 40,000. కానీ బరి దగ్గరికి వచ్చిందే 20,000. అదే నోటు మళ్లీ మళ్లీ పందెంలోకి దిగింది, దిగిన ప్రతిసారీ లెక్కలో పడింది. గెలిచిన సొమ్ములో నిర్వాహకుడు నూటికి పది కోత వేసుకుంటే ఆయనకు చేరేది 2,000. ఇరవై మందీ కలిసి పోగొట్టుకున్నది అంతే. మిగతా 18,000 వాళ్లలోనే ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి వెళ్లింది.

అంటే 40,000 అని రాసినా అబద్ధం కాదు, 2,000 అని రాసినా అబద్ధం కాదు. కానీ 40,000 పక్కన నష్టం అని రాస్తే అది తప్పు. పైగా ఈ ఇరవై మందిలో ఎవరు ఎంత ఓడారన్న అసలు ప్రశ్నకు ఈ రెండంకెలూ జవాబివ్వవు.

ఈ రెండు లెక్కలనూ విడిగా ప్రకటించే దేశాలున్నాయి. ఆస్ట్రేలియా అధికారిక గణాంకాల ప్రకారం 2018–19లో అక్కడివాళ్లు కాసింది సుమారు 22,500 కోట్ల డాలర్లు, నికరంగా పోగొట్టుకున్నది సుమారు 2,500 కోట్ల డాలర్లు. దాదాపు తొమ్మిది రెట్ల తేడా. మన దగ్గర సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల గురించి ఏటా వందల కోట్లని రాస్తారు. ఆ అంకె వెనక లెక్కల పుస్తకమేదీ ఉండదు. నిర్వాహకులు గొప్పగా చెప్పుకున్నది, జనం నోట పడి పెరిగింది కలిపి శీర్షిక అవుతుంది.

అపోహ 2: పోలీసులు పట్టుకున్న సొమ్మే ఆ జూదం పరిమాణం.

వాస్తవం: జువా ఫడ్ మీద దాడి జరిగితే మర్నాడు వచ్చే వార్తకు ఒక అచ్చు ఉంటుంది: ఇంతమంది అరెస్టు, బావన్ పత్తీ అంటే యాభై రెండు ముక్కలు, ఇంత నగదు, ఇన్ని ఫోన్లు, ఇన్ని బైకులు స్వాధీనం. ఆ నగదు పోలీసులు వచ్చిన క్షణాన అక్కడ ఉన్నది మాత్రమే. అంతకు గంట ముందు అంతా పోగొట్టుకుని లేచి వెళ్లిపోయినవాడి డబ్బు అందులో ఉండదు. ఫోన్‌లో యూపీఐ ద్వారా చెల్లించిన పందెం ఉండదు. చేబదులు, తాకట్టు ఉండవు. మరోవైపు ఆటలో పెట్టని జేబు డబ్బు అందులో కలుస్తుంది, కొన్నిసార్లు బైకుల ధర కూడా కలిపి లక్షల సొత్తు అని రాస్తారు. కాబట్టి స్వాధీనం లెక్క పోలీసుల పని గురించి చెబుతుంది. ఊరి నష్టం గురించి చెప్పదు.

అపోహ 3: మహాదేవ్ కేసులో వినిపించిన వేల కోట్లన్నీ ఆటగాళ్లు పోగొట్టుకున్న మొత్తమే.

వాస్తవం: ఈ ఒక్క కేసులోనే భిన్నమైన అంకెలు వచ్చాయి. 2023 సెప్టెంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 417 కోట్ల విలువైన సొత్తును స్వాధీనం చేసుకున్నామని, స్తంభింపజేశామని ప్రకటించింది. నేరం ద్వారా వచ్చిన సొమ్ము దాదాపు 6,000 కోట్లని తర్వాత అంచనా చెప్పింది. అదే ఏడాది నవంబరులో ముంబయి పోలీసులు నమోదు చేసిన కేసులో 15,000 కోట్ల మోసమన్న ఆరోపణ ఉంది. మొదటిది దొరికిన సొత్తు, రెండోది దర్యాప్తు సంస్థ అంచనా, మూడోది ఫిర్యాదులోని ఆరోపణ. మూడూ మూడు రకాలు. వీటిలో ఏ ఒక్కటీ ఆటగాళ్ల నికర నష్టాన్ని కొలిచి చెప్పింది కాదు. అయినా వార్తల్లో ఇవి ఒకదాని స్థానంలో ఒకటి వాడేస్తారు.

ఈ గోలలో మరుగున పడిన ముఖ్యమైన విషయం ఒకటుంది. యూఏఈ నుంచి నడిచిన ఈ వ్యాపారం తెలిసినవాళ్లకు ప్యానెళ్లు, బ్రాంచీలు ఇచ్చి, లాభాన్ని 70–30 నిష్పత్తిలో పంచుకునేదని ఈడీ చెప్పింది. లాభం నిష్పత్తి ముందే రాసుకున్నారంటే లాభం వస్తుందన్న నమ్మకం ముందే ఉందన్నమాట. ఆ లాభం ఆటగాడి నష్టం నుంచే రావాలి. సంత కోడిపందెంలో ఓడిన డబ్బులో చాలా భాగం అదే సంతలో ఇంకొకరి దగ్గర మిగులుతుంది, ఓడిన పుంజు కోజగా గెలిచినవాడి ఇంటికి పోతుంది. యాప్‌లో పోయిన డబ్బు జిల్లా దాటుతుంది, దేశమూ దాటుతుంది. రెండింటినీ ఒకే వాక్యంలో కోట్ల జూదమని రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

అపోహ 4: ఒక మామూలు మనిషి ఖాతాలో కోట్లు తిరిగాయంటే, అతను పెద్ద జూదరి.

వాస్తవం: మహాదేవ్ కేసులో బెట్టింగ్ సొమ్మును బినామీ బ్యాంకు ఖాతాల గుండా తిప్పారన్నది ఈడీ ఆరోపణల్లో ముఖ్యమైనది. కొద్దిపాటి డబ్బుకు ఆశపడో, ఉద్యోగం ఇప్పిస్తామన్న మాట నమ్మో ఖాతా పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసినవాళ్లు ఇలాంటి కేసుల్లో ఇరుక్కుంటారు. చట్టం ముందు వాళ్ల బాధ్యత ఎంతన్నది వేరే విషయం. కానీ ఖాతాలో తిరిగిన కోట్లు వాళ్లు కాసినవీ కావు, గెలిచినవీ కావు, ఓడినవీ కావు. కూలీ ఖాతాలో కోట్లు అన్న శీర్షికకు సంచలనం ఎక్కువ. ఆ ఖాతాను ఎవరు, ఎంతకు తీసుకున్నారన్న ప్రశ్నకు ప్రయోజనం ఎక్కువ.

అపోహ 5: 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారు కాబట్టి ఇది అందరినీ సమానంగా పీడిస్తున్న సమస్య.

వాస్తవం: 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు ప్రభుత్వ వర్గాల నుంచి వచ్చిన అంచనా ఇది. పత్రికలన్నీ అచ్చేశాయి. భాగించి చూడండి: తలకు ఏడాదికి దాదాపు 444 రూపాయలు. నెలకు 37. ఇంత చిన్న మొత్తానికి ఇళ్లు కూలవు. మరి కూలుతున్న ఇళ్లు ఎక్కడివి?

సమాధానం సగటులో దొరకదు. జూదం నష్టం అందరి మీదా సమంగా పడదు. చాలామంది కొద్దిగా పోగొట్టుకుని ఆగుతారు, కొద్దిమంది మాత్రం మునిగిపోతారు. బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడి జూద పరిశ్రమ లాభాల్లో 60 శాతం, అప్పటికే జూదం సమస్యలో చిక్కుకున్న లేదా చిక్కుకునే ప్రమాదంలో ఉన్న 5 శాతం మంది నుంచే వస్తోంది. మన దగ్గరా అడగాల్సింది అదే. మొత్తం ఎంతన్నది ఒక ప్రశ్న. అందులో సగం ఎంతమంది నెత్తిన పడుతోందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

అపోహ 6: లక్షల పందేలే సమస్య, సంతలో అయిదొందలు పోతే అది నష్టం కిందికి రాదు.

వాస్తవం: బస్తర్ కుటుంబాలకు వేసవిలో చేతికి నగదు తెచ్చే పని తునికాకు సేకరణ. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం స్టాండర్డ్ బస్తాకు 5,500 రూపాయలు ఇస్తోంది. బస్తా అంటే వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు. కట్టకు పడేది అయిదున్నర రూపాయలు. కాబట్టి బరిలో పోయిన అయిదొందలంటే తొంభై ఒక్క కట్టలు, నాలుగున్నర వేలకు పైగా ఆకులు. తెల్లవారకముందే అడవికి వెళ్లి, ఒక్కొక్కటిగా తెంపి, మధ్యాహ్నమంతా కూర్చుని కట్టలు కట్టిన ఆకులు. అందులో ఎక్కువ చేతులు ఆడవాళ్లవీ పిల్లలవీ. ఉపాధి హామీ లెక్కలో చూస్తే, 2025–26లో ఈ రాష్ట్రంలో రోజు కూలి 261 రూపాయలు. అయిదొందలంటే దాదాపు రెండు రోజుల చాకిరీ.

కోటి రూపాయల పందెం ఫోటోతో సహా వార్త అవుతుంది. వారం వారం పోయే ఈ అయిదొందలు ఎక్కడా అచ్చు కావు. కానీ ఒక ఇంటి బియ్యం, మందులు, పిల్లల చదువు తగ్గేది ఇక్కడే.

దీని వెంటే ఇంకో పొరపాటు ఉంది. ముర్గా లడాయి ఆదివాసీల పాత అలవాటు కాబట్టి నష్టాలకు వాళ్ల సంస్కృతే కారణమని తేల్చేయడం. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆచారం పేరుతో దాన్ని సమర్థించలేం. కానీ పండగల్లో కోట్ల పందేలు నడిపేది గోదావరి తీరంలో చదువూ భూములూ ఉన్నవాళ్లు కూడా. అక్కడ దాన్ని పండగ సందడి అని రాసి, ఇక్కడ వెనకబాటుతనం అని రాయడం న్యాయం కాదు.

అపోహ 7: "బెట్టింగ్‌లో ఇన్ని లక్షలు పోగొట్టుకుని ఆత్మహత్య" అన్న వార్తలో కారణం, లెక్క రెండూ తేలిపోయినట్టే.

వాస్తవం: ఆ లక్షలు చాలాసార్లు అప్పుల మొత్తం. అందులో లోన్ యాప్‌ల వడ్డీ ఉంటుంది, పాత అప్పు తీర్చడానికి చేసిన కొత్త అప్పు ఉంటుంది. నికర నష్టం తెలియాలంటే యాప్‌లో వేసిన డబ్బులోంచి వెనక్కి తీసుకున్న డబ్బు తీసేయాలి. బ్యాంకు స్టేట్‌మెంటు చూడకుండా ఆ లెక్క తేలదు. ఇంట్లో చెప్పకుండా అమ్మిన బంగారం, మానేసిన పని మాత్రం ఏ అంకెలోనూ రావు. అందువల్ల శీర్షికలోని మొత్తం అసలు నష్టం కంటే ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు.

ఇక కారణం. ఆత్మహత్యకు ఒకే కారణం చూపించి రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సూచనలనే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019 సెప్టెంబరులో తన మార్గదర్శకాలుగా స్వీకరించింది. అయినా ఓడిపోయాడు కాబట్టి చనిపోయాడు అన్న వాక్యం ఆగలేదు. అది చదివే మరో అప్పులవాడికి దారి మూసుకుపోయినట్టు తోస్తుంది. నిజానికి మూసుకుపోలేదు. జూదం మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చికిత్స అవసరమైన రుగ్మతగా గుర్తించింది. ప్రభుత్వ టెలిమానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇలాంటి ప్రతి వార్త కింద ఈ నంబరు ఉండి తీరాలి.

అపోహ 8: చట్టం వచ్చింది, యాప్‌లు ఆగాయి, నష్టాలూ ఆగాయి.

వాస్తవం: ఛత్తీస్‌గఢ్ తన 2022 జూద నిషేధ చట్టంతో 1867 నాటి పాత చట్టాన్ని పక్కనపెట్టి, ఆన్‌లైన్ జూదాన్నీ పరిధిలోకి తెచ్చింది. 2023 నవంబరు 5న కేంద్రం మహాదేవ్ బుక్‌తో సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లపై నిరోధ ఉత్తర్వులిచ్చింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఇవి పెద్ద అడుగులే. అయితే విదేశాల నుంచి నడిచే సైట్లు పేరు మార్చుకుని, వాట్సాప్, టెలిగ్రామ్ గుండా మళ్లీ వస్తాయి. నిషేధం ప్రకటించిన రోజుతో కథ ముగించే వార్త, ఆ తర్వాత పోయే డబ్బును చూడదు.

2025 చట్టం ఆటగాణ్ని శిక్షించదు. నడిపేవాళ్లను, ప్రకటనలిచ్చేవాళ్లను, డబ్బు బదిలీకి సాయపడేవాళ్లను శిక్షిస్తుంది. ఈ మాట జనానికి చేరవేస్తే మోసపోయినవాళ్లు భయం లేకుండా ఫిర్యాదుకు వస్తారు. ప్రకటనల విషయంలో మీడియా బాధ్యతా ఉంది. 2022లో కేంద్ర సమాచార ప్రసార శాఖ బెట్టింగ్ ప్రకటనలు వేయవద్దని మీడియాకు జూన్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి చెప్పాల్సి వచ్చింది. వార్తా సైట్ల ముసుగులో కూడా బెట్టింగ్ సంస్థలు ప్రచారం చేసుకున్నాయి. ఒక పేజీలో ప్రకటన వేసి ఇంకో పేజీలో నష్టం గురించి వాపోతే పాఠకుడు ఏది నమ్మాలి?

విలేఖరి ఏం అడగాలి? ఈ అంకె కాసిన మొత్తమా, పట్టుకున్న సొత్తా, అంచనానా, నికర నష్టమా? ఎవరు చెప్పారు, ఎలా లెక్కించారు? ఎంత కాలానిది? నిర్వాహకుడి వాటా ఎంత? పోయిన డబ్బు ఊళ్లోనే ఉందా, బయటికి పోయిందా? ఆ ఇంటి ఆదాయంలో అది ఎన్ని రోజుల కూలి? ఈ ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు దొరక్కపోతే ఆ అంకెను శీర్షికలో పెట్టకుండా ఉండటం నేరం కాదు, బాధ్యత.

పాఠకుడు చేయగలిగిందీ ఉంది. కోట్లు అన్న మాట కనిపించగానే ఆగి, అది ఏ డబ్బో అడగడం. గెలిచినవాడి ఫోటో పక్కన ఓడినవాళ్లు ఎందరో అడగడం. బస్తర్‌లోని సుక్మాలోనైనా గోదావరి జిల్లాల్లోని భీమవరంలోనైనా జూదం నష్టాన్ని కొలవాల్సింది ఓడిన ఇంటి సంపాదనతోనే. పత్రికలు ఆ కొలత పట్టుకున్న రోజే ప్రభుత్వాలకూ ఎవరిని ఆపాలో, ఎవరికి చేయూతనివ్వాలో తెలుస్తుంది.