సైకిలుకి మోటారు పెట్టిస్తున్నారా? బ్యాటరీ ఎన్ని వోల్టులది కొనాలో ముందు చూసుకోండి

డబ్లిన్‌లో కారు లేకుండా పనికి పోవడం ఎంత ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు. బార్ట్ రైలు స్టేషన్లు రెండు ఉన్నా, రెండూ 580 ఫ్రీవేని ఆనుకునే ఉన్నాయి. మీ పని మాత్రం టస్సహారా రోడ్డు అవతలో, ఫాలన్ రోడ్డు వైపు కొత్త ఇళ్ళ దగ్గరో ఉంటుంది. ఒక ఇంట్లో వంట ముగించుకుని బస్సు పట్టుకుని రెండో ఇంటికి చేరేసరికి అమ్మగారి మొహం మారిపోయి ఉంటుంది. అందుకే కొందరు పాత సైకిలు కొని మోటారు కిట్టు బిగించుకుంటున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే ఇందులో డబ్బు ఎక్కువ పోయేదీ, ప్రమాదం వచ్చేదీ బ్యాటరీ దగ్గరే.

"72 వోల్టులది తీసుకో అన్నా, దూసుకుపోద్ది" అని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆ మాట వినేముందు వోల్టు అంటే ఏమిటో చూద్దాం.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకు అనుకోండి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో అది వోల్టేజీ. పైపులో ఎంత నీరు పారుతోందో అది ఆంపియర్లు. ట్యాంకులో ఎన్ని నీళ్ళు పడతాయో అది ఆంపియర్-అవర్లు. ట్యాంకుని ఇంకో అంతస్తు ఎత్తున పెడితే కుళాయి జోరుగా వస్తుంది గానీ, లోపలి నీళ్ళు పెరగవు. బ్యాటరీ కూడా అంతే. వోల్టులు పెరిగితే మోటారు వేగంగా తిరుగుతుంది. ఎంత దూరం పోతారన్నది వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే తెలుస్తుంది. ఆ వచ్చిన లెక్కని వాట్-అవర్లు అంటారు.

ఎక్కువ వోల్టేజీ వల్ల నిజంగానే ఒక లాభం ఉంది. 750 వాట్ల మోటారుకి 36 వోల్టుల బ్యాటరీ అయితే 21 ఆంపియర్ల దాకా పంపాలి, 48 వోల్టులదైతే 16 లోపే చాలు. కరెంటు తగ్గితే వైర్లు, కనెక్టర్లు తక్కువ వేడెక్కుతాయి. ఎత్తు రోడ్లు ఎక్కేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. అందుకే 36 కంటే 48 మేలు. 52 కూడా బాగానే ఉంటుంది, మీ కంట్రోలరు దానికి ఒప్పుకుంటే. 48 వోల్టుల బ్యాటరీ నిండుగా ఛార్జి అయినప్పుడు 54.6 వోల్టులు, 52ది 58.8 వోల్టులు ఉంటుంది. కంట్రోలరు మీద రాసిన గరిష్ఠ వోల్టేజీ ఈ రెండో అంకె కంటే ఎక్కువ ఉండాలి.

మరి 72? అది నిండితే 84 వోల్టులు. 48 వోల్టుల కంట్రోలర్లలో కెపాసిటర్లు చాలావరకు 63 వోల్టులవే ఉంటాయి. తగిలించిన క్షణంలో టప్పుమంటాయి. 60 వోల్టులు దాటిన డీసీ కరెంటు తడి చేతికి తగిలితే ప్రమాదం కూడా.

అంతకంటే పెద్ద చిక్కు చట్టంతో. కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ సైకిలు అనిపించుకోవాలంటే పెడళ్ళు పనిచేయాలి, మోటారు 750 వాట్లు మించకూడదు. థ్రాటిల్ తిప్పి నడిపేది గంటకి 20 మైళ్ళ దగ్గర ఆగిపోవాలి. పెడల్ తొక్కితేనే సాయం చేసేదైతే 28 మైళ్ళ దాకా పోవచ్చు, దానికి హెల్మెట్ తప్పనిసరి. 72 వోల్టులు పెట్టి 40 మైళ్ళ వేగంతో పోతే చట్టం లెక్కలో అది సైకిలు కాదు, మోటారు సైకిలు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. పోలీసులు ఆపితే టికెట్ రాస్తారు, బండి పట్టుకుపోవచ్చు. వీసా కాగితాలు నడుస్తున్నవాళ్ళకి కోర్టు నోటీసు ఎంత తలనొప్పో వేరే చెప్పాలా? పది నిమిషాలు ముందు చేరడానికి అంత పణం పెట్టకండి.

ఇక సైజు. రోజుకి రానూపోనూ 12 మైళ్ళు అనుకుందాం. పెడల్ తొక్కుతూ పోతే మైలుకి 20 వాట్-అవర్లు, థ్రాటిల్ మీదే ఎత్తులెక్కితే 30 దాకా ఖర్చవుతుంది. ఎక్కువే లెక్కేసినా 360. బ్యాటరీని అడుగంటా వాడకూడదు, ఏడాదికేడాది బలం తగ్గుతుంది కూడా. 48 వోల్టులు, 13 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 624 వాట్-అవర్లు ఉంటాయి. మీకది చాలు. లోపలి రక్షణ సర్క్యూట్‌ని బీఎంఎస్ అంటారు. అది ఆపకుండా ఇవ్వగల ఆంపియర్లు కంట్రోలరు లాగేదానికంటే ఎక్కువ ఉండాలి. అమ్మేవాడు ఈ అంకె చెప్పలేకపోతే కొనకండి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, కొద్ది రోజులకే విజయవాడలో ఒకరు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. న్యూయార్క్ నగరంలో 2023లో ఇలాంటి బ్యాటరీ మంటల్లో 18 మంది పోయారు. ఒకే ఇంట్లో ఆరుగురేసి సర్దుకునే మనలాంటివాళ్ళం ఈ సంగతి పట్టించుకోవాలి. 2026 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఈ-బైక్ బ్యాటరీ అమ్మాలంటే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఉండాలి. యూఎల్ 2271 అన్న ముద్ర బ్యాటరీ డబ్బా మీదే ఉందో లేదో చూడండి. "లోపలి సెల్స్ యూఎల్ వే" అంటే సరిపోదు. సెల్స్ మంచివైనా, వాటిని అతికించిన పని నాసిరకం అయితే మంటలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ బ్యాటరీ, విప్పి మళ్ళీ అతికించిన బ్యాటరీ ఎంత చవకైనా వద్దు.

ఛార్జరు మార్చి వాడకండి. 52ది తెచ్చి 48కి పెడితే బ్యాటరీ మోతాదు మించి నిండుతుంది, అక్కడే నిప్పు పుడుతుంది. రాత్రంతా పెట్టి పడుకోకండి. గుమ్మం దగ్గర అసలే వద్దు, మంట లేస్తే బయటికి దారి అదే కదా. ఎండాకాలంలో ఇక్కడ వంద డిగ్రీలు దాటుతుంది, మూసిన కారులో బ్యాటరీ వదిలేయకండి. ఉబ్బినా, వాసన వచ్చినా ఛార్జింగ్ పెట్టడం ఆపేయండి. పొగ వస్తే దాన్ని ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

అద్దె ఇంటివాళ్ళు "సైకిలు లోపల పెట్టొద్దు" అంటే? 2024 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇంట్లో ఉండే ఒక్కో మనిషికి ఒక్కో బండి చొప్పున లోపల పెట్టుకుని ఛార్జి చేసుకోవచ్చు. ఓనరు వేరే చోట భద్రమైన స్థలం, ఛార్జింగ్ ఇస్తే అది వేరే సంగతి. అయితే ఆ చట్టం అడిగేది మొత్తం ఈ-బైక్‌కి ఉండే యూఎల్ 2849 లాంటి ప్రమాణం. కిట్టు బిగించిన సైకిలుకి మామూలుగా అది ఉండదు. కాబట్టి ఓనరుతో ముందే మాట్లాడి, ఒప్పుకున్నది రాయించుకోండి.

చివరగా పని ఇచ్చేవాళ్ళ సంగతి. బ్యాటరీ మేమే కొనిస్తాం, జీతంలో నెలనెలా కోసుకుంటాం అంటారు. మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కోయకూడదు. ఇంటి నుంచి పనికి పోయే ఖర్చు మీదే. కానీ ఒకే యజమాని పని మధ్యలో ఒక సైటు నుంచి ఇంకో సైటుకి పంపితే ఆ సమయానికి జీతం, ప్రయాణ ఖర్చు అడిగే హక్కు మీకుంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకీ, కాగితాలు లేనివాళ్ళకీ కూడా. ఎన్ని మైళ్ళు పోయారో ఏ రోజుకారోజు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇవ్వకపోతే ఓక్లండ్‌లోని లేబర్ కమిషనర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. బ్యాటరీ కొన్న రసీదు కూడా ఆ పుస్తకంలోనే పెట్టుకోండి.