పాత డిస్కుకు తగిన డ్రైవరు

కాకినాడ జిల్లాలోని ఉప్పాడ జాందానీ చీరలకు పేరుపొందిన ఊరు. 2009లో ఆ చీరలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఎన్ని పోగులు విడిచి ఎక్కడ అదనపు పోగు చొప్పించవలెనో తెలిసిననే గాని చీరపై పువ్వు పడదు. అట్టి నమూనాలను, లెక్కలను ఒక నేతగాడు పాతికేండ్ల క్రిందట ‘స్కజీ’ డిస్కులో దాచినాడనుకొందము. నేడు వానిని చదువుట ఎట్లు?

స్కజీ అనునది డిస్కులను కంప్యూటరుకు కలుపు పద్ధతి. దీని తొలి ప్రమాణము 1986లో అమెరికాలో వెలువడినది. అందు కంట్రోలరుతో కలిపి ఒకే తీగవరుసపై 8 పరికరములు ఉండవచ్చును. ఒక్కొక్కదానికి 0 నుండి 7 వరకు వేరువేరు సంఖ్య ఉండవలెను. కంట్రోలరుకు, డిస్కుకు నడుమ భాష అందరికిని ఒకటే. కాని కంప్యూటరుకు, కంట్రోలరుకు నడుమ భాష చిప్పునుబట్టి మారును. ఆపరేటింగు సిస్టము ఆజ్ఞను ఆ చిప్పు భాషలోనికి మార్చునదే డ్రైవరు.

కావున కంపెనీ పేరు చూచి డ్రైవరును ఎన్నుకొనరాదు. అడాప్టెక్ 1542, 2940 అను కార్డులు ఒకే కంపెనీవి. అయినను లైనక్సులో మొదటిదానికి ‘ఏహెచ్‌ఏ1542’, రెండవదానికి ‘ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్’ అను డ్రైవరు కావలెను. చిప్పుపై ముద్రించిన సంఖ్యయే మనకు ఆధారము.

ఒక్కొక్కప్పుడు ఒకే చిప్పుకు రెండు డ్రైవర్లుండును. లైనక్సులో ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌కు పాతది, క్రొత్తది కొంతకాలము ప్రక్కప్రక్కనే ఉండి, పిమ్మట పాతది తొలగింపబడినది. ఇట్టిచోట ముందు క్రొత్తదానిని పరీక్షింపవలెను. దాని దోషములను దిద్దువారు ఇంకను ఉందురు. అది పనిచేయనిచో పాతదానిని, అది గల పాత సిస్టముతో సహా, వాడవచ్చును. ఒకే కార్డును రెండు డ్రైవర్లకు ఒక్కమారు అప్పగింపరాదు.

డిస్కు కనబడనంతనే డ్రైవరును నిందింపరాదు. తీగవరుస రెండు కొనలను టెర్మినేటర్లు మూసియుండవలెను. లేనిచో సంకేతములు కొననుండి వెనుకకు మరలి, వచ్చు సంకేతములను చెరచును. రెండు పరికరములకు ఒకే సంఖ్య ఉన్నను గందరగోళమే. ఈ రెండిటిని సరిచూచిన పిమ్మటనే డ్రైవరును మార్చవలెను.

డిస్కు కనబడిన వెంటనే దానిపై ఏమియు వ్రాయరాదు. చదువుటకు మాత్రమే తెరచి, మొత్తమును క్రొత్త డిస్కులోనికి నకలు తీయవలెను. డ్రైవరును మరల మార్చవచ్చును. చెరిగిన నమూనాను మరల తెచ్చుట కష్టము.